సీసాడు మూత్రం, పదిహేనేళ్ళ నింద

ఆడపిల్ల కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, స్కానింగులో ఏమీ కనబడకపోవడం ఆమె నేరమా? ‘అంతా నార్మలే, మనసులో ఏదో పెట్టుకుంది’ అంటాడు డాక్టరు. ‘పెళ్ళయితే అదే సర్దుకుంటుంది’ అంటారు బంధువులు. యంత్రానికి దొరకని నొప్పి నటన అయిపోతుంది.

అక్యూట్ పోర్ఫిరియా ఇలాంటి నొప్పే. హీమ్ తయారీలో ఒక ఎంజైము లోపించడం వల్ల వచ్చే వంశపారంపర్య వ్యాధి. దాని దాడులకు ఎక్కువగా గురయ్యేది 15 నుంచి 45 ఏళ్ళ స్త్రీలు. చాలామందికి బహిష్టుకు ముందు రోజుల్లో వస్తుంది. భరించలేని కడుపునొప్పి, వాంతులు, గుండెదడ, కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం, ఒక్కోసారి మతి చలించడం. నెలసరి, కడుపు, మనసు - ఆడదాని మాట కొట్టిపారేయడానికి ఇంతకంటే అనువైన జబ్బుందా? 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఈ జబ్బు పేరు తెలియడానికి సగటున 15 ఏళ్ళు పట్టింది.

పరీక్ష లేకనా? మూత్రంలో పోర్ఫోబిలినోజెన్‌ను పట్టే సులువైన పద్ధతిని వాట్సన్, ష్వార్ట్జ్ 1941లోనే చెప్పారు. నొప్పి ఉన్నప్పుడు పట్టిన కాస్త మూత్రం, వెలుతురు తగలకుండా సీసాకు చుట్టిన ఫాయిల్ చాలు. 24 గంటలు పోగుచేయక్కర్లేదు. ఉత్త పోర్ఫిరిన్లు చూసి ఊరుకుంటే లాభం లేదు, అవి వేరే జబ్బుల్లోనూ పెరుగుతాయి. నొప్పి తగ్గాక పరీక్షించి ‘ఏమీ లేదు’ అని పంపెయ్యడమూ తప్పే.

ఇంగ్లండు రాజు మూడో జార్జి మూత్రం రంగు మారిందని ఆయన వైద్యులు రాసిపెట్టారు. ఆ రాతల ఆధారంగానే 1966లో ఐడా మెకాల్పైన్, రిచర్డ్ హంటర్ ఆయనది పిచ్చి కాదు, పోర్ఫిరియా అన్నారు. తర్వాత ఎందరో ఆ వాదాన్ని కాదన్నారు. నిజమేదైనా, రాజుగారి మూత్రం మీద ఇంత చర్చ! మంచం మీద బతికున్న స్త్రీ మూత్రాన్ని ఎండలో పెట్టి చూసే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

‘అరుదైన జబ్బు, అందరికీ పరీక్షలెందుకు?’ అంటారు. అందరికీ అనడం లేదు. కారణం దొరకని తీవ్రమైన కడుపునొప్పి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకి చేయమంటున్నాం. జబ్బు తెలియక ఇచ్చే కొన్ని ఫిట్స్ మందులు, సల్ఫా మందులు దాడిని ఇంకా రెచ్చగొడతాయి. అక్కర్లేని ఆపరేషన్లు సరేసరి.

ఆమెకు మానసిక రోగి అని పేరు పెట్టేముందు, ఆమె కడుపు మీద కత్తి పెట్టేముందు, ఒక్క సీసా మూత్రం పరీక్షించండి. అది దయ కాదు, ఆమె హక్కు.