పాఠం ముందు తెలుగులో చెప్పమనండి

ప్రీ-బోర్డు పరీక్షలు దగ్గరపడేసరికి పేరెంట్స్ మీటింగులో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి: "ఇంగ్లీష్‌కి ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇచ్చేయండి సార్, బట్టీ పట్టిస్తాం." రెండోది కొంచెం మొహమాటంగా: "మాకు ఇంగ్లీష్ రాదు. ఇంట్లో మేం చేయగలిగింది ఏముంటుంది?" మొదటి మాటతో నేను ఏకీభవించను. రెండోది నిజం కాదు.

సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లీష్ పేపరు సంగతే తీసుకోండి. రాత పరీక్ష 80 మార్కులకు. అందులో 20 మార్కులు, పిల్లలు అంతకుముందు చూడని ప్యాసేజీలు చదివి జవాబులు రాయడానికి. మరో 20 గ్రామర్, లెటర్, పేరాగ్రాఫ్‌లకు. పాఠాలు, పోయెమ్స్ నుంచి వచ్చేవి మిగతా 40. అంటే సగం పేపరుకు గైడులో జవాబు దొరకదు. లెటర్ ఫార్మాట్ కంఠస్థం చేయొచ్చు. ఏ విషయం మీద రాయాలో మాత్రం ప్రశ్నపత్రం చేతికొచ్చాకే తెలుస్తుంది.

పోనీ, మిగతా సగమైనా బట్టీతో గట్టెక్కుతుందా? 'ఎ లెటర్ టు గాడ్' పాఠం చూడండి. వడగళ్ల వానకు పంట పోగొట్టుకున్న లెంచో అనే రైతు, 100 పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసు వాళ్లు తలా కొంత వేసుకుని 70 పెసోలు పంపుతారు. మిగతా 30 వాళ్లే కాజేశారని లెంచో మండిపడతాడు. "లెంచో దేవుణ్ణి ఏం అడిగాడు?" అంటే బట్టీ జవాబు సరిపోతుంది. "పోస్ట్‌మాస్టర్ చేసింది సరైన పనేనా? ఎందుకు?" అంటే కథ అర్థమైన పిల్లలే రాయగలరు.

ఇక్కడే మీ సాయం కావాలి. రాత్రి భోజనాలయ్యాక "ఆ రైతుకి అంత కోపం ఎందుకొచ్చింది నాన్నా?" అని తెలుగులోనే అడగండి. తెలుగులోనే తడబడితే అది ఇంగ్లీష్ సమస్య కాదు, పాఠం ఇంకా బుర్రకెక్కలేదని. మళ్లీ చదవమనండి. చక్కగా చెప్పేస్తే, పుస్తకం మూసి అదే విషయం ఐదారు వాక్యాల్లో ఇంగ్లీష్‌లో రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి తనే సరిచూసుకోవాలి. మొత్తం 20 నిమిషాల పని. ఆ కాగితం మర్నాడు టీచరుకు ఇస్తే చాలు, దిద్దే బాధ్యత మాది.

ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీష్ పాడవుతుందని చాలామంది భయం. చెప్పాల్సిన విషయం మనసులో స్పష్టంగా లేకపోతే ఏ భాషలోనూ వాక్యం కుదరదు. ఆ స్పష్టత పిల్లలకు ఇంటి భాషలో తొందరగా వస్తుంది.

బట్టీ అసలే వద్దని అనడం లేదు. స్పెల్లింగులు, క్రియల మూడు రూపాలు, లెటర్ ఫార్మాట్ నోటికి రావాల్సిందే. జవాబులు మాత్రం సొంతంగా రాయాలి. ఆదివారం ఇంగ్లీష్ పేపరులో ఒక వార్త ఇచ్చి, గడియారం పెట్టి చదివించండి. బోర్డు పరీక్షలో రాయడానికి ముందు ప్రశ్నపత్రం చదువుకోవడానికి 15 నిమిషాలు ఇస్తారు. నిదానంగా చదవడం అలవాటైన పిల్లలకు ఆ సమయం బాగా కలిసొస్తుంది.

పరీక్షలు అవగానే గైడు అటకెక్కుతుంది. పదకొండో తరగతిలో నోట్సు రాసుకోవాలన్నా, రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, సొంతంగా ఒక పేరా రాయగలిగే శక్తే అక్కరకొస్తుంది. మీరు కష్టపడి ఫీజు కట్టేది దానికోసమే కదా!

ఈసారి మీటింగుకి వచ్చేటప్పుడు మీ అమ్మాయి లేదా అబ్బాయి చూడకుండా రాసిన నాలుగు కాగితాలు పట్టుకురండి. తప్పులున్నా పర్వాలేదు. వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.