వెనుక చక్రాల స్వాతంత్ర్యం

1972లో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు గెజెల్ కారును విడుదల చేసినప్పుడు దాని వెనుక భాగంలో పాతకాలపు ఏకఖండపు ఇరుసును అమర్చారు. అంతకుముందు వారే తయారుచేసిన హెరాల్డులో వెనుక చక్రాలు దేనికది విడిగా కదిలేవి. ఆ కాలపు అంబాసిడరుకు గాని, ఫియటుకు గాని లేని సౌకర్యమది. కనుక గెజెల్‌ను తిరోగమనమని నిందించేవారున్నారు. ఆ నింద పూర్తిగా న్యాయమైనది కాదని నా అభిప్రాయం.

ఏకఖండపు ఇరుసుపై ఒక చక్రం గుంతలో దిగితే రెండవదీ ఒరగక తప్పదు. ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ బరువంతా చక్రాలతో పాటే ఎగిరిపడుతుంది. స్వతంత్ర సస్పెన్షన్‌లో ఆ బరువును చట్రానికి బిగిస్తారు; భారం తగ్గిన చక్రం నేలను వదలక అనుసరిస్తుంది. ఇంతవరకు ఎవరికీ వివాదం లేదు.

హెరాల్డులోని చిక్కంతా కీళ్లలో ఉన్నది. ఒక్కొక్క సగం ఇరుసుకు డిఫరెన్షియల్ చెంత ఒక్కటే కీలు. చక్రం దగ్గర లేదు. అందువల్ల చక్రం నిటారుగా లేచి దిగక, తలుపు రెక్కవలె ఒరుగుతూ ఊగుతుంది. రెండింటినీ ఒకే అడ్డ కమాను మోస్తుంది (కమాను అంటే విల్లని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు). వేగంగా మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రం బండి వెనుక భాగాన్ని పైకెత్తి, తాను అడుగుకు ముడుచుకొంటుంది. టైరు అంచు మాత్రమే నేలకు ఆనుతుంది. అప్పుడు డ్రైవరు బెదిరి బ్రేకు తొక్కితే వెనుక భాగం మరింత లేచి, తోక పక్కకు జారుతుంది. 1960 నమూనాగా అమెరికాలో వచ్చిన షెవర్లే కార్వెయిర్‌ది కూడా ఈ నిర్మాణమే. రాల్ఫ్ నాడర్ 1965 నాటి తన గ్రంథంలో మొదటి అధ్యాయాన్నే దానిపై వ్రాశాడు. ఆ గ్రంథం వెలువడేనాటికే కంపెనీ రెండవ కీలు చేర్చిన నమూనాను అమ్ముతూ ఉండటం వేరే సంగతి.

రెండవ కీలు ఏమి చేయగలదో 1961 నాటి జాగ్వార్ ఇ-టైపులో చూడవచ్చు. అందులో సగం ఇరుసుకు రెండు చివరలా కీళ్లున్నాయి. ఆ ఇరుసే పై చేయి. దాని క్రింద మరొక చేయి. ఈ రెంటి పట్టున చక్రం దాదాపు నిటారుగా నిలుస్తుంది. పక్కకు రెండేసి చొప్పున నాలుగు చుట్ట స్ప్రింగులు. చక్రం బరువు ఇంకా తగ్గాలని బ్రేకు డిస్కులను సైతం డిఫరెన్షియల్ చెంతకే చేర్చారు. మెచ్చుకొనవలసిన ఊహే గాని, ఆ డిస్కు మార్చవలసివస్తే మెకానిక్కు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఇంత వ్యయం చిన్న కారు భరించదు. సగం స్వాతంత్ర్యంతో మలుపులో మోసపోవడం కంటె, నడత ముందే తెలిసిన ఇరుసు మేలు. అయినా ఒక్కమాట. 1970లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ కారులో అదే అడ్డ కమానును ఉంచి, ఒక్క రేకును మాత్రమే డిఫరెన్షియల్‌కు బిగించి, తక్కినవి ఊగేటట్లు చేశారు. స్వల్ప వ్యయంతో ఆ చేటు చాలావరకు తగ్గింది. రెండేళ్ల తరువాత వచ్చిన గెజెల్ కూడా ఆ దారి పట్టియుంటే బాగుండేదని నేననుకొంటాను.