హౌఎవర్ అంటే 'అయితే' అని బట్టీ కొట్టకండి

పోస్టు కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

హాస్టళ్ళలో లింకింగ్ వర్డ్స్ అని ఒక జిరాక్సు కాయితం చేతులు మారుతుంటది. హౌఎవర్ అంటే అయితే, దేర్‌ఫోర్ అంటే కాబట్టి, అంతే. పరీక్షకి అది చాలు. కానీ ఆ మొదటి లైనే మనల్ని ముంచుతుందని నా అభిప్రాయం.

మన 'అయితే' రెండు పనులు చేస్తది. "బస్సు లేదా? అయితే నడిచొస్తా" అంటే 'అలాగైతే' అని. "అన్నం బాగుంది, అయితే కూరలో ఉప్పు లేదు" అంటే 'కానీ' అని. హౌఎవర్‌కి ఈ రెండో పని మాత్రమే వచ్చు. బస్సు మాటకి దెన్ రాయాలి. ఇంట్లో కోయో గోండీయో మాట్లాడి, బళ్ళో తెలుగు నేర్చుకుని, ఆ తెలుగు మీంచి ఇంగ్లీష్‌కి పోయే మనకి ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పరు. ఇంకోటి, పక్కనే కామా లేకుండా హార్డ్ లాంటి మాట వస్తే అర్థమే మారిపోద్ది. హౌఎవర్ హార్డ్ హీ ట్రైడ్ అంటే 'వాడు ఎంత కష్టపడినా' అని.

ఇదంతా మార్కుల కోసం చెప్పట్లేదు. ఊళ్ళో ఇంగ్లీష్ కాయితం ఏదొచ్చినా కాలేజీకి పోయినోళ్ళమని మన చేతికే ఇస్తారు. అటవీ హక్కుల క్లెయిమ్ మీద జవాబు వచ్చిందనుకోండి. మొదట "మీ దరఖాస్తు పరిశీలించాం" అని మర్యాదగా ఉంటది. తర్వాత హౌఎవర్, కామా. అసలు నిర్ణయం ఆ కామా అవతల ఉంటది. మొదటి లైను చూసి "పనైపోయింది బాబాయ్" అనేస్తే ఆయన నిశ్చింతగా పడుకుంటాడు. సబ్ డివిజన్ కమిటీ కాదంటే జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోడానికి చట్టం ఇచ్చింది 60 రోజులే.

ఆ జిరాక్సులో లేని మాట ఒకటుంది, నాట్‌విత్‌స్టాండింగ్. పలకడానికే నోరు తిరగదు గానీ అది మన పక్షాన నిలబడ్డ మాట. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, అదే 1970 సవరణ తర్వాత మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటున్నది, దాని 3వ సెక్షన్ ఈ మాటతోనే మొదలవుద్ది. 2006 అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్ కూడా అంతే. 'వేరే చట్టంలో ఏం రాసున్నా సరే' అని దానర్థం. హౌఎవర్ ముందు చెప్పినదాన్ని కాస్త తగ్గిస్తది, ఇది మిగతా చట్టాల నోరే మూయిస్తది.

మీ ఇంట్లో ఇలాంటి లెటర్లుంటే పేర్లు, నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. ఆదివారం కూర్చుని లైను లైను చదువుదాం.