ఫ్యూజు ఉన్నది మీ కోసం కాదు

పిల్లలూ! మీ ఇంట్లో కరెంటు మీటరు పక్కన పింగాణీ ఫ్యూజు గాని, ఎం.సి.బి. అనే చిన్న మీట గాని ఉంటుంది. అదెందుకని తరగతిలో అడిగితే, "షాకు కొట్టకుండా కాపాడటానికి సార్!" అని జవాబు వస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వింటున్నాను. పెద్దవాళ్లను అడిగినా ఇదే చెబుతారు. ఇది తప్పు. మామూలు తప్పు కాదు, ప్రాణం తీసే తప్పు.

ఒక లెక్క చేసి చూడండి. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. తడి చేతులతో, వట్టి కాళ్లతో ఉన్న మనిషి శరీర నిరోధం 1000 ఓములనుకుందాం. ఓమ్ సూత్రం ప్రకారం 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. పది పదిహేను మిల్లీ ఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను మనిషి వదలలేడు. 30 దాటితే ఊపిరి ఆడదు, గుండె లయ తప్పవచ్చు. 230 సంగతి వేరే చెప్పాలా? కాని ఇంట్లోని ఫ్యూజు 5 ఆంపియర్లది. పాతకాలపు 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు కూడా దాదాపు ఇంతే. అంటే ఫ్యూజు దృష్టిలో తీగ పట్టుకుని కొట్టుకుంటున్న మనిషి వెలుగుతున్న బల్బుతో సమానం. అది నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోతుంది. ఫ్యూజు కాపాడేది గోడలోని తీగలను, అవి కాలి ఇల్లు అంటుకోకుండా. అందుకే ఫ్యూజు పోయినప్పుడల్లా లావు తీగ చుట్టేవాళ్లు ఆ ఒక్క ఉపకారాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు.

మరి మనల్ని కాపాడేది ఏది? ప్లగ్గుకున్న మూడో కాలు. మిగిలిన రెండింటికన్నా అది పొడుగూ లావూ. సాకెట్టులోకి అన్నిటికన్నా ముందు దిగేదీ, చివరికి బయటికి వచ్చేదీ అదే. ఇస్త్రీ పెట్టె ఇనుప ఒంటి నుంచి ఆ కాలి ద్వారా ఆకుపచ్చ తీగ, అక్కడినుంచి పెరట్లో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంత. లోపల ఫేజు తీగ ఊడి ఇనుముకు తగిలితే కరెంటు ఆ దారిన భూమిలోకి దూకుతుంది. ఎర్తు నిరోధం 2 ఓములైతే 115 ఆంపియర్లు ప్రవహించి, ఫ్యూజు తటాలున ఎగిరిపోతుంది. సాకెట్టులో పట్టలేదని ఆ కాలు విరిచేసి వాడుకునే ఇళ్లు నేను చాలా చూశాను.

సరే, కాలు విరవలేదనుకుందాం. మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. గండికోట చూశారు కదూ? కొండను పెన్న నిలువునా కోసుకుపోయిన ఆ గండిలో రాతి పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. కొండ మీద ఊళ్లో అడుగు తవ్వితే రాయి తగులుతుంది. ఎండిన రాతినేలలో విద్యుత్తు సులభంగా పారదు. అక్కడి గుంత నిరోధం 100 ఓములైతే పోయే కరెంటు 2.3 ఆంపియర్లు మాత్రమే. 5 ఆంపియర్ల ఫ్యూజు కదలదు. కూలరు తిరుగుతూనే ఉంటుంది, దాని రేకు మీద దాదాపు 230 వోల్టులూ నిలిచే ఉంటాయి. పైగా కూలరు ఎక్కువగా వాడేదెప్పుడు? ఏప్రిల్, మే నెలల్లో. గుంత పూర్తిగా ఎండిపోయేదీ అప్పుడే. కూలరుకు బిందెల కొద్దీ నీళ్లు పోస్తాం, ఎర్తు గుంతకు చెంబెడు పోయం.

కాబట్టి నా అభిప్రాయం ఇది: రాతినేల మీద కట్టే ప్రతి ఇంటికీ ఎర్తుతోబాటు ఆర్.సి.సి.బి. అనే పరికరం ఉండితీరాలి. ఇది కరెంటు ఎంత ఉందని చూడదు. ఫేజు తీగలో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని తక్కెడలాగా తూస్తుంది. మనిషి ఒంటిగుండా భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్లు జారిపోయినా చాలు, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. "ఇల్లు కట్టి అలసిపోయాం, ఇప్పుడు ఈ ఖర్చు కూడానా?" అంటారు. నేలకు బండలు నునుపు పట్టించేటప్పుడు మాత్రం ఎవరూ ఆ మాట అనరు!

దానికీ ఒక లోపం లేకపోలేదు. ఒక చేత్తో ఫేజునూ, ఇంకో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకుంటే తూకం సమంగానే ఉంటుంది. అప్పుడు అది కూడా మిమ్మల్ని బల్బనే అనుకుంటుంది. కనుక స్విచ్చి బోర్డు విప్పే పని మీరు పెట్టుకోకండి. చూడటం మాత్రం మీ పనే. ఆర్.సి.సి.బి. ఉంటే, దానిమీద 'టి' అని రాసిన మీటను నెలకోసారి ఇంట్లో పెద్దవాళ్లచేత నొక్కించండి. కరెంటు పోవాలి. పోకపోతే అది పని చేయడం లేదన్నమాట. బట్టలారేసే దండెం ఇనుప తీగది అయితే, అది సర్వీసు తీగకు ఎక్కడైనా ఆనుతోందేమో దూరంనుంచే చూసి ఇంట్లో చెప్పండి.

తరువాత మీ ఇంటి ఎర్తు గుంత ఎక్కడుందో వెతకండి. దొరికితే వేసవి అంతా రోజూ రెండు బిందెల నీళ్లు పోయండి. వెంటనే దొరుకుతుందని మాత్రం అనుకోకండి. కొన్ని ఇళ్లలో దానిమీద కడప బండ పరిచేసి ఉంటారు.