పెట్టె వస్తేనే కదులుతారా?

2024 ఆగస్టులో కరీంనగర్ పిలగాడొకడు సౌదీలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో చచ్చిపోయాడు. 27 ఏళ్ళు. టెలికాం కంపెనీలో కొలువు. వెంట సూడాన్ దేశస్థుడు ఒకడు. జీపీఎస్ పనిచేయక దారి తప్పారు. బండిలో ఇంధనం అయిపోయింది, ఫోను చార్జింగు అయిపోయింది. నాలుగు రోజుల తర్వాత బండి దగ్గరే, నమాజు చాపల మీద ఇద్దరి శవాలు దొరికాయి. మనం పేపర్లో చదివి అయ్యో అనుకున్నాం. పేజీ తిప్పాం.

ఆ ఎడారి ఐదు తెలంగాణలు పట్టేంత ఉంటుంది. వాళ్ళకు కంపెనీ ఉంది, బండి ఉంది, ఎటు పోయారో తెలిసినవాళ్ళున్నారు. అయినా దొరికింది శవాలే. మరి అవేవీ లేనివాడి సంగతేంటి? ఆజాద్ వీసా అని ఏజెంటు అంటగడితే పోయి, ఒకడి పేరు మీద అకామా (నివాస అనుమతి), ఇంకొకడి దగ్గర పనితో నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నవాడు, మనిషి మొహం కనపడని చోట గొర్రెలు కాస్తున్నవాడు తప్పిపోతే ఎవడు వెతుకుతాడు?

వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, వెతకడు. 'హురూబ్' రాయిస్తాడు. అంటే మనిషి పారిపోయాడని ఫిర్యాదు. దాంతో ఆయన చేతులు దులుపుకున్నట్టే. దాహంతో ఇసుకలో పడిపోయినవాడు కాగితం మీద మాత్రం పరారీలో ఉంటాడు! 2021లో సౌదీ కార్మిక సంస్కరణలు తెచ్చామని గొప్పగా చెప్పుకుంది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళను, ఇంటి డ్రైవర్లను, గొర్రెల కాపరులను వాటిలో చేర్చనేలేదు. అందరికంటే ముందు తప్పిపోయేది వాళ్ళే.

అది పరాయి దేశం, సరే. ఇక్కడ?

సాంచాలు ఆగి, కూలి గిట్టక, అప్పుచేసి కొడుకును దుబాయ్ పంపిన సిరిసిల్ల తల్లి ఫోను మోగడం లేదని ఎవరి దగ్గరికి పోవాలి? ఠాణాకు పోతే మా పరిధి కాదంటారు. ఏజెంటు ఫోనెత్తడు. ఆన్‌లైన్‌లో విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ 'మదద్'కు పెట్టుకో అంటారు. బీడీలు చుట్టే చేతులకు ఆన్‌లైన్ ఎట్లా తెలుస్తుంది? ఎవరో చదువుకున్న పిల్లాడు పెట్టిచ్చినా పాస్‌పోర్టు నంబరేది, అకామా నంబరేది, కఫీల్ ఫోనేది అని ప్రశ్నలు. అవన్నీ ఉంటే ఆమె మిమ్మల్నెందుకు బతిమాలుతుంది? విజిట్ వీసా మీద పోయాడని తెలిస్తే ఇంకో మాట తగిలిస్తారు: అట్లా ఎందుకు పోయాడు? ఎందుకు పోయాడో మీకు తెలియదా!

చస్తే మాత్రం దారులున్నాయి. శంషాబాద్ నుంచి ఊరిదాకా అంబులెన్స్ ఇస్తారు. 2024 సెప్టెంబరు జీవోతో కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. గల్ఫ్ సంఘాలు ఏళ్ళకేళ్ళు కొట్లాడి తెచ్చుకున్న డబ్బు అది, తక్కువ చేయను. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పోయినవాడైతే, ప్రమాదంలో పోతే, ప్రవాసీ బీమా 10 లక్షలు. వీటన్నిటికీ చావు కాగితం కావాలి. తప్పిపోయినవాడి ఇల్లాలు ఆ కాగితం ఎక్కడ తెస్తుంది? ఏడేళ్ళు ఏ కబురూ లేకుంటేనే మన చట్టం మనిషి పోయాడని అనుకుంటుంది. ఆ ఏడేళ్ళూ ఆమెకు వితంతు పింఛను లేదు, పరిహారం లేదు. మిత్తి మాత్రం నెలనెలా పెరుగుతుంది. బొట్టు పెట్టుకుంటే ఒక మాట, పెట్టుకోకుంటే ఒక మాట.

దుబాయ్ జైల్లో మగ్గిన సిరిసిల్ల జిల్లా మనుషులు ఇల్లు చేరింది 2024లో, సుమారు 18 ఏళ్ళకు. వాళ్ళెక్కడున్నారో అందరికీ తెలుసు. తెలిసిన చోటి నుంచి తేవడానికే అంత కాలం పడితే, ఎక్కడున్నాడో తెలియనివాడిని వెతకాలనే ఆలోచన ఈ యంత్రాంగానికి ఏ జన్మలో వస్తుంది?

ఎన్నికలొస్తే గల్ఫ్ బాధితులంటూ ప్రతి పార్టీ మేనిఫెస్టోలో ఒక పేరా. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ శవపేటిక వచ్చిన ఇంటికి పోయి ఫొటో దిగుతారు. పేటిక రాని ఇంటికి ఎవరూ పోరు.

సిరిసిల్ల, జగిత్యాల కలెక్టర్లను అడుగుతున్నా. కోరుట్లలో, మెట్‌పల్లిలో ఓట్లడిగే నాయకులను అడుగుతున్నా. మీ జిల్లా నుంచి గల్ఫ్ పోయి నెలల తరబడి ఫోను రానివాళ్ళ జాబితా మీ దగ్గర ఉందా? ఉంటే మండలాఫీసు గోడకు అంటించండి, ఏ పేరు కోసం ఏ ఎంబసీకి ఏ తేదీన రాశారో పక్కనే వేయండి. లేకుంటే రేపు పొద్దున్నే ఒక గుమస్తాను కూర్చోబెట్టి రాయించడం మొదలుపెట్టండి.