‘మావద్ద అటువంటివారు లేరు’

జనగామలో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో తోటి అధ్యాపకుడొకాయన నాతో ఒక మాట అన్నాడు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా వంటి స్థితులతో పుట్టి పెరిగి పెద్దవారైన మనుషులకు మన పట్టణాల్లో అండ ఎక్కడుంది, తమవంటివారిని కలుసుకునే చోటు ఎక్కడుంది అని నేను అడిగాను. ఆయన నవ్వి, “అవన్నీ హైదరాబాదు రోగాలండీ. మావద్ద అటువంటివారు లేరు” అన్నాడు. చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు.

ఆయన ప్రగతి నిరోధకుడైతే ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు. కాని ఆయన మనవాడు. వర్గపోరాటాన్ని గురించి, దళిత బహుజన సాహిత్యాన్ని గురించి చక్కగా మాట్లాడేవాడు. అందువల్లనే ఆ నవ్వుకు సమాధానం చెప్పడం అవసరమయింది. ఆ నవ్వు ఆయన ఒక్కనిదీ కాదు, మన శిబిరానిది.

‘లేరు’ అనే మాటను ముందుగా మన భాషే ఒప్పుకోదు. వెర్రివాడు, తిక్కోడు, పిస్సోడు, మొద్దు, మందమతి, మొండిఘటం, ఒంటెద్దు మనిషి – ఇన్ని పేర్లు పెట్టి పిలిచిన ఊళ్లు, ఆ మనుషులను ఎన్నడూ చూడలేదంటే ఎవరు నమ్ముతారు? వెర్రి వెంగళప్పను చూసి తరతరాలుగా నవ్విన జాతి మనది. పోనీ, మన అభ్యుదయ కథకులు వేరుగా వ్రాశారా? వెక్కిరింతను తీసివేసి, ఆ స్థానంలో జాలిని పెట్టారు. మన కథల్లో అమాయకుడు దొర చేతిలో దెబ్బలు తింటాడు, చివర చనిపోతాడు, పాఠకుని కంట నీరు తెప్పిస్తాడు. బతికి ఉండి, ముప్పైయేళ్ల వయసులో పని వెతుక్కుంటూ, స్నేహితుని వెతుక్కుంటూ, తన మాట తాను చెప్పే మనిషిగా అతడు మన సాహిత్యంలో ఎంత అరుదో తెలుగు పాఠం చెప్పేవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇంతకూ ఎవరు వీరు? ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి ముఖకవళికలు, మాటల వెనుక మాటలు, సందడి, వెలుతురు, స్పర్శ తక్కినవారికి అందినట్లు అందవు. కొన్ని మరీ ఎక్కువగా అందుతాయి. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ధ్యాస ఒకచోట నిలపడం, పనిని వరుసలో పెట్టుకోవడం కష్టం. డిస్లెక్సియా ఉన్నవారికి తెలివికి లోటు లేకున్నా అక్షరం లొంగదు. ఇవి బాల్యంతో పోయేవి కావు. వీటన్నింటినీ కలిపి, మెదడు నిర్మాణంలో మనుషులు ఒకే అచ్చులో పోసినవారు కారన్న అర్థంలో, ‘న్యూరోడైవర్సిటీ’ అనే మాట 1990లలో పుట్టింది. ఆస్ట్రేలియా సమాజ శాస్త్రజ్ఞురాలు జూడీ సింగర్ 1998లో తన పరిశోధనా వ్యాసంలో దీనిని వాడింది. తెలుగులో ‘నాడీ వైవిధ్యం’ అందాము. మాట కొత్తది; మనుషులు పాతవారే.

ఇక్కడ నా ఆత్మవిమర్శ ఒకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరాల క్రితం నా తరగతిలో మానుకోట ప్రాంతపు కుర్రవాడు ఒకడు ఉండేవాడు. ఛందస్సు అతనికి కొట్టిన పిండి. ఏ పద్యం ఇచ్చినా కాగితం మీద పెట్టకుండానే గణవిభజన చేసేవాడు. కాని నలుగురు గుమిగూడితే చెవులు మూసుకుని బయటికి పోయేవాడు. నా ముఖంలోకి ఎన్నడూ చూసేవాడు కాదు. నేను దానిని అవిధేయత అనుకున్నాను. మౌఖిక పరీక్షలో “నా మొహం చూసి చెప్పు” అని మూడుసార్లు అన్నాను. మూడోసారికి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ కళాశాలకు రాలేదు. కొన్నాళ్లకు వాళ్లమ్మ వచ్చింది. “మావోడు చెడ్డోడు గాదు సారూ, గట్లనే పుట్టిండు. జర మీరే సమజ్ చేసుకోవాలె” అన్నది. నాకు సమజ్ అయ్యేసరికి అతడు మిర్చి బస్తాలు మోసే పనిలో చేరి, ఆ గోలను భరించలేక అదీ మానుకున్నాడు. అతని స్థితికి పేరు పెట్టడానికి నేను వైద్యుణ్ణి కాను. కాని ఆ తల్లి “ఎవరిని అడగాలె?” అంటే, ఎం.ఏ. చదివిన నేను ఒక్క చోటు పేరైనా చెప్పలేకపోయాను.

చట్టం ఏమి చెపుతోందో చూద్దాము. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజాన్నీ నిర్దిష్ట అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. ఏడీహెచ్‌డీ ఆ పట్టికలో పేరుపెట్టి లేనే లేదు. ఆ చట్టంలోని 5వ సెక్షన్ వికలాంగులకు సమాజంలో కలిసి జీవించే హక్కు ఉన్నదంటుంది. మంచి మాట. కాని ఆ మాట కాగితం దిగి మన బజారులోకి ఏ దారిన వస్తుంది?

పిల్లలకైతే దారి కొంత ఉన్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన నాటి నుంచి పరీక్షలు చేస్తుంది; బడి ఈడు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఇవన్నీ 18 ఏళ్లతో ముగుస్తాయి. పంతొమ్మిదో ఏట మనిషికి ఆటిజం మాయమవుతుందని ప్రభుత్వం నమ్ముతున్నదా? ఆ తర్వాత మిగిలేది సర్టిఫికెట్. వైకల్యం 40 శాతమని తేలితే పింఛను. తెలంగాణలో 2023లో దానిని 4,016 రూపాయలకు పెంచారు. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు ఉన్న నాలుగు శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు – ఇన్నింటికీ కలిపి ఒకే ఒక్క శాతం. నేను పింఛనును చులకన చేయడం లేదు. అది లేని ఇంట దాని విలువ ఎంతో నాకు తెలుసు. కాని 4,016 రూపాయలు మనిషికి బియ్యం కొనిపెడతాయి. కూర్చుని మాట్లాడే తోడును కొనిపెట్టవు.

‘స్థానికం’ అనే మాట చట్టంలో అసలు లేదా అంటే, ఉన్నది. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారి కోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం చేశారు. దాని ప్రకారం జిల్లాకొక స్థానిక స్థాయి కమిటీ ఉండాలి. అందులో కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వికలాంగుడొకరు ఉంటారు. ఆ కమిటీకి ఆ చట్టం అప్పగించిన ముఖ్యమైన పని ఏమిటో తెలుసా? సంరక్షకుణ్ణి నియమించడం! పెద్దవాడైన మనిషికి తన జిల్లాలో చట్టం తెరిచిన తలుపు, అతని బదులు సంతకం పెట్టే మరొకరి కోసం తెరిచిన తలుపు. సంరక్షకుడు అవసరమైనవారు ఉన్నారు, కాదనను. కాని ఇందరిలో అడిగేవారు, పాడేవారు, గణవిభజన చేసేవారు, ఓటు వేసేవారు ఉన్నారు. వారికి కావలసింది సంరక్షకుడు కాదు, సహచరుడు.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను చేశారు. కలెక్టరు కచేరీలు దగ్గరకు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మేధో వైకల్యంపై జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాదులో ఉన్నది. ఇన్ని ఉన్నా, గనిలో దిగే కార్మికుని ఇంట పెద్దవాడైన కొడుకుకు ఒక నిర్ధారణ కావాలంటే ఏమవుతుంది? భూపాలపల్లికి రైలు కూడా లేదు. బస్సెక్కి వరంగల్, అక్కడి నుంచి అవసరమైతే హైదరాబాదు. పోయిరావడానికి ఇద్దరి కూలి పోతుంది. బస్సు హారను, జనం తొక్కిసలాట, ఆసుపత్రి వరుస – ఏ బాధకు పేరు తెలుసుకోవడానికి పోతున్నాడో ఆ బాధనంతా దారి పొడవునా అనుభవించాలి. ఇది జబ్బు సమస్య కాదు, వర్గ సమస్య. ‘హైదరాబాదు రోగం’ అనే మాటకు అసలు అర్థం ఇదే: రోగం హైదరాబాదులో లేదు, దానికి పేరు పెట్టే స్తోమత హైదరాబాదులో ఉన్నది.

ఇక మన మిత్రుల వాదాలు పరిశీలిద్దాము.

మొదటి వాదం: “మన పల్లెల్లో కుటుంబం ఉన్నది. ఇటువంటివారిని కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది.” కుటుంబం అంటే ఎవరండీ? నూటికి తొంభై ఇళ్లలో అమ్మ. ఆమె తర్వాత అక్కో, వదినో. జీతం లేని, సెలవు లేని ఆ చాకిరీకి మనం ‘మమత’ అని పేరు పెట్టి చేతులు దులుపుకుంటున్నాము. వెట్టిని దొర ‘మామూలు’ అన్నట్లే ఇదీను. “నేను పోయినంక వీడేం గావాలె?” అని ఆ తల్లి రాత్రి వేళ అడిగే ప్రశ్నకు ఈ వాదంలో జవాబు లేదు. ఇటువంటి స్థితి ఆడపిల్లకు ఉంటే సంగతి మరీ దారుణం. దాచిపెట్టి పెండ్లి చేస్తారు. అత్తవారింట తిట్లుపడి తిరిగివస్తే, తప్పంతా ఆమె స్వభావానిదంటారు.

రెండవ వాదం: “పేరు పెడితే మనిషి మీద ముద్ర పడుతుంది.” ముద్ర ఏనాడో పడింది. తిక్కోడు అనేది ముద్ర కాక బిరుదా? శాస్త్రం ఇచ్చే పేరు ఆ ముద్రను చెరిపి, ‘నీవు ఒక్కడివే కావు, నీవంటివారు ప్రపంచమంతటా ఉన్నారు’ అని చెపుతుంది. ముప్పైయేళ్లు తన్ను తాను సోమరి అనో, చేతకానివాడు అనో తిట్టుకున్న మనిషికి ఆ ఒక్క మాట ఎంత ఊరటో ఊహించండి.

మూడవ వాదం మన శిబిరానికి ప్రత్యేకమైనది: “వ్యవస్థ మారితే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఇప్పుడు వీటిని పట్టుకోవడం మధ్యతరగతి చాదస్తం.” ఈ మిత్రులకు చరిత్ర నుంచి ఒక సంగతి చెపుతాను. ఆటిజాన్ని కనుగొన్న ఘనతను పాశ్చాత్యులు 1943లో వ్రాసిన లియో కానర్‌కూ 1944లో వ్రాసిన హాన్స్ ఆస్పర్గర్‌కూ కట్టబెట్టారు. వారికి సుమారు ఇరవై ఏళ్లు ముందుగానే మాస్కోలో గ్రున్యా సుఖారెవా అనే వైద్యురాలు ఇటువంటి ఆరుగురు బాలుర స్వభావాన్ని నిశితంగా వర్ణించింది. సోవియట్ శాస్త్రం చూసిందని సంతోషిద్దాము. కాని ఆ సోవియట్ రాజ్యమే తర్వాతి కాలంలో వేలాది వికలాంగులను సంస్థల గోడల వెనుక పెట్టిందన్నదీ నిజమే. వ్యవస్థ మారడంతోనే మనిషికి చోటు దొరకదు. చోటు కోసం అడిగేవారు సంఘటితం కావాలి. ఈ పాఠాన్ని ఎడమపక్షం వారికి ఎవరైనా నేర్పవలసి రావడం విచారకరం.

ముఖ్యంగా జనగామ ప్రాంతానికి! 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ జిల్లాలోనే ఉన్నది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మ పాలకుర్తి ఈ జిల్లాలోనే ఉన్నది. నాడు ‘సంగం’ అంటే ఏమిటి? నీ గోడు నీ ఒక్కడిదే కాదని తెలిపిన చోటు. ‘బాంచెన్ కాల్మొక్త’ అన్న నోటిని మాన్పించి, వంగిన నడుమును నిలబెట్టిన చోటు. నేడు తిక్కోడు అన్న మాటను మాన్పించవలసింది కూడా అటువంటి సంగమే. హైదరాబాదు నుంచి అండ దిగుమతి అవుతుందని కూర్చుంటే, అది ఖరీదు కట్టిన సరుకుగానే వస్తుంది.

మరి చేయవలసిందేమిటి? పెద్ద నిధులు అక్కరలేని పనులు నాలుగు చెపుతాను. మొదటిది గది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం నెలకొల్పినవారు కోట్లతో మొదలుపెట్టలేదు. ఒక చోటుతో, నలుగురితో మొదలుపెట్టారు. మూడు పట్టణాల్లోనూ నెలకొకసారి గ్రంథాలయంలోనో, యూనియన్ కార్యాలయంలోనో ఒక గది కావాలి. అందులో మైకు ఉండదు. మాట్లాడాలన్న నిర్బంధం ఉండదు. వచ్చి ఊరికే కూర్చుని పోవచ్చు. తల్లిదండ్రులు రావచ్చు, కాని వారే వక్తలు కారాదు. రెండవది వైద్యం: మూడు వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలూ వారంలో ఒక రోజును పెద్దల నిర్ధారణ కోసం కేటాయించాలని విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి అడగాలి. మూడవది పరీక్ష: అర్హులైన వికలాంగ విద్యార్థులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. ఈ సంగతి మన అధ్యాపకులలో ఎందరికి తెలుసు? తెలియనివారు తెలుసుకోవాలి, తెలిసి దాచేవారిని నిలదీయాలి. నాల్గవది మన సభలు. మూడు గంటల ఉపన్యాసం, చెవులు పగిలే స్పీకర్లు, చివరి నిమిషంలో మారే కార్యక్రమం – ఇవి విప్లవ లక్షణాలు ఏమీ కావు. కార్యక్రమాన్ని ముందే కాగితం మీద ఇస్తే, వ్రాసి పంపిన అభిప్రాయాన్ని కూడా సభలో చదివితే, మన సంఘానికి వచ్చే నష్టం ఏమిటి?

వికలాంగుల ఉద్యమాలు ప్రపంచానికి ఒక నినాదం ఇచ్చాయి: మేము లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు అని. ఆ లెక్కన ఈ వ్యాసం కూడా లోపభూయిష్టమే. ఇది వ్రాయవలసినవాడు నేను పోగొట్టుకున్న ఆ విద్యార్థి. అతడు వ్రాసేవరకు నేను వ్రాస్తున్నాను. వచ్చే గోష్ఠిలో ‘మావద్ద అటువంటివారు లేరు’ అని ఎవరైనా అంటే, దయచేసి నవ్వకండి. హాలు వెనుక, తలుపు దగ్గర, చెవులు మూసుకుని నిలబడ్డ మనిషి ఉన్నాడేమో ఒకసారి చూడండి. ఉంటే, ముందుకు రమ్మని పిలవకండి. కుర్చీ అక్కడికే తీసుకుపోయి వేయండి.