విమానం కడతానన్న అబ్బాయిని చూసి నవ్వాం



పోయిన నెల విద్యానిధి దరఖాస్తులు చూసిన రోజు సంగతి ఇది. అందరూ ఇంజనీరింగ్ ఫీజుకో నర్సింగ్ ఫీజుకో అడిగారు. మెకానికల్ డిప్లొమా చదివే అబ్బాయి ఒకడు మాత్రం విమానం నడపడం నేర్చుకోవాలి, తరువాత చిన్న విమానం ఒకటి సొంతంగా కట్టాలి అని రాశాడు. "ముందు ఉద్యోగం చూసుకో నాయనా, తరువాత ఎగురుదువు గానీ" అని ఒక పెద్దాయన అన్నారు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం. వాళ్ళ నాన్నగారు తల వంచుకుని లేచి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చాక మాకు అన్నం సయించలేదు.

ఈ మద్రాసులోనే 1910లో మౌంట్ రోడ్డు హోటలు యజమాని డి ఏంజెలిస్ అనే ఆయన సొంతంగా విమానం చేయించి పల్లావరంలో ఎగిరాడు. అంతకు ముందు ఏడే బ్లేరియో ఇంగ్లీష్ ఛానెల్ దాటాడు. అది విని ఈయనకు ఆశ పుట్టింది. విమానం కట్టి ఇచ్చింది గుర్రపు బండ్లు చేసే సింప్సన్ కంపెనీ. ఏళ్ళ తరబడి తాంబరం బండిలో పల్లావరం స్టేషను దాటి డ్యూటీకి పోయిన మాకు ఈ సంగతి రిటైరయ్యాకే తెలిసింది!

అంత వెనక్కి పోనక్కర్లేదు. కేరళలో ఇడుక్కి జిల్లా సజీ థామస్‌కు మాట రాదు, వినపడదు, చదువు ఏడో తరగతి. ఆయన కట్టిన చిన్న విమానం మన తిరునెల్వేలి జిల్లా మణిముత్తారులో ఎగిరింది. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ కాందివలీలో తమ ఇంటి మేడ మీదే ఆరుగురు కూర్చునే విమానం కట్టాడు. 2016లో దాన్ని ప్రదర్శనలో పెడితే దేశమంతా చూసింది. రిజిస్ట్రేషన్ 2017లో గాని రాలేదు, ఎగరడానికి అనుమతి 2019లో. విమానం కట్టడం ఒక కష్టమైతే, దానికి కాగితం తెచ్చుకోవడం ఇంకో కష్టం. గుమాస్తా పని చేసి బతికిన వాళ్ళం, ఫైలు ఎందుకు కదలదో మాకు వేరే చెప్పాలా!

అలాగని కాగితాలు వద్దని మేము అనం. పెరంబూరు వర్క్‌షాపుకు ఓవరాలింగ్‌కు వచ్చిన బోగీ, చూడవలసిన వాళ్ళు చూసి సంతకం పెట్టనిదే గేటు దాటదు. నేల మీద, పట్టాల మీద నడిచే దానికే అంత ఉంటే గాలిలో ఎగిరే దానికి ఎంత ఉండాలి? ఇంగ్లండులో ఉండే కేరళ ఇంజనీరు అశోక్ తామరాక్షన్ కరోనా కాలంలో స్లింగ్ అనే దక్షిణాఫ్రికా కంపెనీ కిట్ తెప్పించుకుని నలుగురు కూర్చునే విమానం కట్టాడు. కూతురి పేరు కలిపి జీ-దియా అని పేరు పెట్టాడు. అక్కడ విమానం పూర్తయ్యాక ఒక్కసారి చూసి ఊరుకోరు. ఇన్‌స్పెక్టరు మధ్యమధ్య వచ్చి చూస్తాడు. రెక్క మూసేశాక లోపల రివెట్ ఎలా పడిందో ఎవరికి కనపడుతుంది? అమెరికాలో అయితే సగానికి పైగా పని సొంతంగా చేస్తేనే దాన్ని ఇంట్లో కట్టిన విమానం అంటారు. కాబట్టి రూలు ఉండాలి, ఆ రూలు మనిషిని చేయి పట్టి నడిపించాలి, ఏళ్ళ తరబడి వరండాలో కూర్చోబెట్టకూడదు. ఇది మా అభిప్రాయం.

ఆ అబ్బాయికీ ఒక మాట. కట్టడం వేరు, నడపడం వేరు. కట్టిన చేతులే కదా అని నేర్చుకోకుండా ఎక్కితే ప్రాణం పోతుంది. నువ్వు దరఖాస్తులో నడపడం ముందు, కట్టడం తరువాత అని రాశావు చూడు, ఆ వరసే సరి. పదహారేళ్ళకు స్టూడెంట్ లైసెన్సు తీసుకోవచ్చు. పదిహేడు నిండి, నలభై గంటలు ఎగిరి, పరీక్షలు పాసయితే ప్రైవేటు పైలట్ లైసెన్సు. గంటకు వేలల్లో అవుతుంది, అంటే మొత్తం లక్షలు. విమానం కిట్టయితే ఇక చెప్పనే వద్దు.

ఆ లక్షలు విద్యానిధి నుంచి ఇమ్మని మేము అడగడం లేదు. అది ఫీజు కట్టలేని పిల్లల డబ్బు, అందులో రూపాయి కదపకూడదు. కానీ డబ్బు అక్కర్లేని సాయం మన దగ్గర చాలా ఉంది. వాతావరణం, దిక్కులు, ఇంజను, ఎగిరే నియమాలు ఇవన్నీ పరీక్షకు చదవాలి. పుస్తకాలు ఇంగ్లీషువి. రేడియోలో టవరుతో మాట్లాడేదీ ఇంగ్లీషే. తమిళ మీడియంలో చదివిన మేము డిపార్ట్‌మెంట్ పరీక్షల్లో రెండుసార్లు తప్పింది తెలివి లేక కాదు, ప్రశ్న అర్థం కాక. ఆ అబ్బాయిదీ మా మీడియమే. మనలో రిటైరయిన ఇంగ్లీషు టీచర్లు ముగ్గురున్నారు. కోచ్ ఫ్యాక్టరీలో రేకులు కోసి, రివెట్లు కొట్టిన వాళ్ళూ ఉన్నారు. సంఘం భవనంలో వెనక గది ఖాళీ, విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు. అక్కడ ముందు మోడల్ విమానాలు చేయనివ్వండి, రేకు పని నేర్చుకోనివ్వండి. ఇంకో నలుగురు పిల్లలు తప్పక వస్తారు, కొలతకు కొయ్యడం, సాపు చెయ్యడం వస్తే ఏ ఫ్యాక్టరీలోనైనా పనికొస్తుంది.

వచ్చే కమిటీలో ఆ గది విషయం పెడుతున్నాం. అడ్డు చెప్పేవాళ్ళు ఎదురుగా చెప్పండి, నవ్వకుండా. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాం. అబ్బాయి కాగితం మీద వేసుకున్న రెక్క బొమ్మ చూపించాడు. నాన్నగారు కాఫీ ఇప్పించారు గానీ, మాతో ఒక్క మాటా మాట్లాడలేదు.